జొన్నగిరిలో బంగారం.. అమీర్‌పేట బండ కింద ఎందుకు లేదు? పంజాగుట్టలో రేటు దిగుతుందా?

అమీర్‌పేట, పంజాగుట్ట రోడ్డు మీద ఎన్ని నగల షోరూంలు ఉన్నాయో రోజూ అటు వెళ్లేవాళ్లకు తెలుసు. కర్నూలు జిల్లా జొన్నగిరి గని పేరు ఎత్తగానే వచ్చే డౌట్ ఒకటే. మన దగ్గరే బంగారం తవ్వితే రేటు దిగుతుందా?

ముందే చెప్పేద్దాం. దిగదు. ఎందుకంటే ఆ కథ భూమి లోపల ఉంది.

అమీర్‌పేటలో సెల్లార్ తవ్వితే తగిలే గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. తుగ్గలి మండలంలోని జొన్నగిరి రాళ్లూ అటూఇటుగా ఆ కాలానివే. రెండూ ధార్వార్ క్రేటాన్ అనే పాత ఖండం ముక్క మీదే ఉన్నాయి. మరి అక్కడ బంగారం, ఇక్కడ ఉత్త బండ ఏంటి?

జొన్నగిరి ఉన్నది గ్రీన్‌స్టోన్ బెల్ట్ మీద. అంటే ఒకప్పుడు సముద్రం అడుగున పొంగిన లావా, ఇనుము ఎక్కువున్న నల్లరాయి. తర్వాత భూమి పొరలు ఒకదాన్నొకటి నెట్టుకోవడంతో ఈ బెల్టులు నలిగి, కొంత భాగం లోతుకు దిగింది. అక్కడి వేడికి రాళ్లలో ఇరుక్కున్న నీరు బయటికొచ్చింది. అందులోని గంధకంతో కలిసి బంగారం కరిగింది. నీళ్లలో బంగారం కరగడమేంటి అనుకోకండి. 300 డిగ్రీల వేడి, నెత్తిన కిలోమీటర్ల కొద్దీ రాయి బరువు.. అక్కడి లెక్కలే వేరు.

ఆ నీరు పైకి రావాలంటే దారి కావాలి. ఆ దారి వేసేది భూకంపాలే. కదలిక వచ్చినప్పుడు పగులు తెరుచుకుంటుంది, ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది, బంగారం తెల్లటి పలుగురాయితో పాటు అక్కడే పేరుకుంటుంది. పగులు మూసుకుంటుంది. మళ్లీ తెరుచుకుంటుంది. ఇలా ఎన్నో సార్లు జరగాలి. చుట్టూ ఇనుమున్న రాయి ఉంటే ఇంకా మంచిది, అది గంధకాన్ని లాగేసుకుంటే బంగారం నీటిలో నిలవలేదు.

హైదరాబాద్ బండ లోతులో నెమ్మదిగా చల్లారి గట్టిపడిన శిలాద్రవం. బెల్టు, పగులు, గంధకం నీళ్లు.. మూడూ ఇక్కడ ఒకచోట కలవలేదు.

ఇక లెక్కకు వద్దాం. మామూలు రాయిలో టన్నుకు నాలుగైదు మిల్లీగ్రాములకు మించి బంగారం ఉండదు. జొన్నగిరిలో సుమారు ఒకటిన్నర గ్రాములు. వందల రెట్లు ఎక్కువే, అయినా పది గ్రాముల తులానికి ఏడెనిమిది టన్నుల రాయి పిండి చేయాలి. 2013లో లీజు వచ్చిన ఈ గని పూర్తి స్థాయిలో నడిస్తే ఏడాదికి సుమారు 750 కిలోలు అని అంచనా. దేశం దిగుమతి చేసుకునేది ఏటా 700 టన్నులకు అటూఇటుగా. అంటే వెయ్యిలో ఒక వంతు. పైగా రేటు కట్టేది అంతర్జాతీయ మార్కెట్, డాలర్ విలువ, దిగుమతి సుంకం.

కాబట్టి ఈ గనిని మన నగల రేటుతో కొలవడం తప్పు. వానల మీద బతికే ఆ ఊళ్లకు ఎన్ని ఉద్యోగాలొచ్చాయి, దుమ్ము ఎంత, నీళ్లు ఎంత.. అడగాల్సినవి అవి.

ఇదే క్రేటాన్ మీదున్న కోలార్ 120 ఏళ్లలో 800 టన్నులకు పైగా ఇచ్చింది. తవ్వకం మూడు కిలోమీటర్ల లోతు దాటింది. ఖర్చు కిట్టుబాటు కాక 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. అక్కడ బంగారం ఇంకా ఉంది.