అరుగు పోయింది, ఆంక్ష మిగిలింది

ఊళ్లో రోడ్డు వెడల్పు చేయాలని నిర్ణయం జరగ్గానే మున్సిపల్ సిబ్బంది ఎర్ర రంగు డబ్బాతో దిగుతారు. గోడల మీద గీతలు పడతాయి. గీతకు ఇవతల ఉన్నదంతా పోవాల్సిందే. అన్నిటికంటే ముందు పోయేది అరుగు. గది పోతే ఇంటివారు నష్టపరిహారం అడుగుతారు. దుకాణం పోతే ధర్నాకు దిగుతారు. అరుగు పోతే మాత్రం 'పోనీలే, ఇప్పుడెవరు కూర్చుంటున్నారు గనక' అని సరిపెట్టుకుంటారు. అలా సరిపెట్టుకోవడంలో మనం ఏం పోగొట్టుకున్నామో ఒకసారి లెక్క చూసుకోవడం అవసరం.

తెలుగునాట పాత పెంకుటిళ్లకు వీధి గుమ్మానికి అటూ ఇటూ రెండు అరుగులుండేవి. పైన చూరు, దాన్ని మోసే కర్ర స్తంభాలు. రాయలసీమలో కడప బండ, తెలంగాణలో షాబాదు బండ, కోస్తాలో గచ్చు లేదా పేడతో అలికిన మట్టి. ఇదేదో అలంకారానికి కట్టింది కాదు. చూరు ఎండను గోడ దాకా రానివ్వదు. అరుగు వాన నీటిని పునాదిలోకి దిగనివ్వదు. మట్టి గోడల ఇంటికి ఈ రెండూ రక్షణ.

అయితే అరుగు అసలు విశేషం దాని యాజమాన్యంలో ఉంది. ఇల్లు ఒకరిది, అరుగూ వారిదే. కానీ అక్కడ కూర్చోవడానికి వారిని అడగాల్సిన పని లేదు. కూరగాయలమ్మే ఆమె తట్ట దించుకునేది అక్కడే. పోస్ట్‌మన్ చెమట తుడుచుకునేది అక్కడే. చివరి బస్సు తప్పిపోయిన పొరుగూరి మనిషి తుండుగుడ్డ పరుచుకుని పడుకునేదీ అక్కడే. ఉగాది నాటి పంచాంగ శ్రవణం, పొలం గట్ల తగాదాలు, పెళ్లి సంబంధాల మంతనాలు అన్నీ ఆ బండ మీదే. కొన్ని పాత ఇళ్ల అరుగుల మీద పులిజూదం గళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆడేవాళ్లు పోయారు, గీతలు ఉన్నాయి.

ఇది తెలుగువారికే పరిమితమైన ఏర్పాటు కాదు. తమిళులు దీన్ని తిణ్ణై అంటారు. ఇంటింటికీ తిరిగి నలుగురితో కూర్చుని చేసే ఎన్నికల ప్రచారానికి అక్కడ 'తిణ్ణై ప్రచారం' అనే పేరు స్థిరపడింది. 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన అహ్మదాబాద్ పాత నగరంలో, పోల్ అనే ఇరుకు వీధుల్లో, ఇంటి ముందు ఉండే ఓట్లో ఇదే. ఉత్తర కోల్‌కతాలో దీని పేరు రోక్. నారాయణ్ గంగోపాధ్యాయ్ సృష్టించిన టేనిదా తన మిత్రబృందంతో కోతలు కోసేది పటల్‌డాంగాలో ఒకరింటి రోక్ మీదే. పోర్చుగీసు మాట నుంచి ఇంగ్లిష్ వారు 'పయల్' అనే పదాన్ని తెచ్చుకుని దక్షిణాది అరుగుకు పెట్టారు.

ఆ పదం ప్రభుత్వ రికార్డుల్లోకి ఎక్కింది మాత్రం చదువు వల్ల. వీధి బడి పంతులు ఎవరో ఒక ఆసామి అరుగు మీద పిల్లల్ని కూర్చోబెట్టి ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించేవాడు. వీటినే 'పయల్ స్కూళ్లు' అన్నారు. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో జిల్లాల్లో బడుల లెక్క తీయమని కలెక్టర్లను ఆదేశించాడు. 1826లో తేలిన లెక్క ప్రకారం ప్రెసిడెన్సీలో బడులు 12,498. జనాభా 1,28,50,941. సుమారు వెయ్యి మందికి ఒక బడి అన్నమాట. అరుగులు, గుడి మండపాలు, చెట్ల నీడలే ఆ బడుల గదులు. బళ్లారి కలెక్టర్ ఎ.డి. కాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో ఈ చదువు పద్ధతిని, ముఖ్యంగా పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పే తీరును మెచ్చుకుని, ఇంగ్లండ్ దాన్ని అనుకరించడం సబబేనన్నాడు. మద్రాసులో పనిచేసి వెళ్లిన ఆండ్రూ బెల్ 1797లో లండన్‌లో పుస్తకం అచ్చువేసి ప్రచారం చేసిన 'మద్రాసు పద్ధతి' అదే.

అరుగును తలచుకుని మురిసిపోయేవారు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతారు. కానీ కాంప్‌బెల్ నివేదికలోనే మరో లెక్క ఉంది. అప్పటి బళ్లారి జిల్లాలో, అంటే ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉన్న జిల్లాలో, 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. వారిలో ఆడపిల్లలు కేవలం 60 మంది.

అరుగు ఎవరిది అన్న ప్రశ్నకు ఆ అంకె సగం జవాబు చెబుతుంది. మగవాళ్లు పొలాలకు వెళ్లాక, మధ్యాహ్నం పూట మాత్రమే ఆడవాళ్లకు అరుగు దక్కేది. బియ్యంలో రాళ్లు ఏరుకుంటూనో, పూలు కట్టుకుంటూనో, అంటే ఏదో ఒక పని చేతిలో ఉంటేనే. ఇంటి మగవాడు వీధి మలుపు తిరిగి కనిపించగానే లేచి లోపలికి వెళ్లడం మర్యాద. వారికి తీరిగ్గా దొరికే చోటు పెరడే.

మిగతా సగం జవాబు కులానిది. దళితవాడ నుంచి కూలి డబ్బుల కోసం వచ్చిన మనిషి అరుగు ఎక్కడం కాదు కదా, చూరు కిందికి కూడా రాకూడదు. వీధిలో, ఎండలో, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడాలి. చాలా ఊళ్లలో తన గుడిసె ముందు తన సొంత అరుగు మీద కూర్చున్నా, పెద్ద కులం వాడు అటు వెళ్తుంటే లేచి నిలబడాల్సిందే. కూర్చోవడం ఎంత ప్రమాదకరమైన విషయమో తెలియాలంటే పాత కాలానికి వెళ్లనక్కరలేదు. గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న 8 మంది దళితుల హత్యకు దారితీసిన ఉద్రిక్తత, ఒక సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవతో మొదలైంది. అందుచేత అరుగు అందరిదీ అనడం అబద్ధం. అది కొందరు మగవారి ప్రజాస్వామ్యం.

అలాగని అరుగు పోయింది ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి కాదు. అది పోయిన కారణాలు వేరు. 1987లో దూరదర్శన్‌లో 'రామాయణ్' మొదలయ్యాక ఆదివారం ఉదయం వీధి ఇంట్లోకి వెళ్లిపోయింది. ఫ్యాను, కూలరు, ఆ తర్వాత ఏసీ వేసవి రాత్రుల్ని తలుపు వెనక్కి నెట్టేశాయి. అరుగు ఉండాల్సిన చోట కారు కోసం పోర్టికో వచ్చింది. భవన నిర్మాణ నిబంధనలు ఇంటి ముందు ఖాళీ వదలమంటాయి. వదులుతున్నాం కూడా. కానీ ఆ ఖాళీ ప్రహరీ గోడకు లోపలే ఉంటుంది. వీధికి అందులో ఒక్క అంగుళం కూడా దక్కదు.

వీధిని కాపాడేది అక్కడ కూర్చున్నవారి, కిటికీల్లోంచి చూసేవారి కళ్లేనని అమెరికన్ రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లోనే వాదించింది. మన వీధుల్లో ఆ కళ్లు తగ్గిపోయాయి. వాటి స్థానంలో సిసి కెమెరాలు వచ్చాయి. జనం గుమికూడే దుకాణాలు, సంస్థలు కెమెరాలు పెట్టుకోవడాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013 నాటి ప్రజాభద్రత చట్టం తప్పనిసరి చేసింది. దొంగను పట్టుకోవడానికి కెమెరా పనికొస్తుంది. కానీ 'ఏమ్మా, అబ్బాయి జ్వరం తగ్గిందా?' అని అడగడం దానికి చేతకాదు. ఊరు వదిలి నగరంలో కొడుకు ఫ్లాట్‌కు చేరిన పెద్దవారికి లేనిది ఆ పలకరింపే. పిలిస్తే తప్ప ఎవరూ రారు, ఫోన్ చేస్తే తప్ప ఎవరింటికీ వెళ్లకూడదు.

అరుగు పోయింది గానీ దాని మీద ఎవరు కూర్చోకూడదన్న నియమం మాత్రం పోలేదు. ఇల్లు మారి లిఫ్టు దగ్గరికి చేరింది. పనిమనుషులు, డెలివరీ కుర్రాళ్లు మామూలు లిఫ్టు ఎక్కరాదన్న బోర్డులు మన నగరాల అపార్ట్‌మెంట్లలో కొత్తేమీ కాదు. కులం పేరు ఎవరూ రాయరు. రాయాల్సిన అవసరమూ లేదు. మే నెల మధ్యాహ్నం బిర్యానీ పొట్లం తెచ్చిన కుర్రాడు తర్వాతి ఆర్డరు వచ్చేదాకా తన బండి మీదే, గేటు బయటే, ఎండలోనే ఉండాలి. పాత అరుగు కూలివాడిని వీధిలో నిలబెట్టింది కానీ కూరగాయల తట్టకు, దారిన పోయే వాడికి చోటిచ్చింది. కొత్త గేటు ఆ మంచిని వదిలేసి చెడును మాత్రం దాచుకుంది.

పరిష్కారం పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. చెన్నై కార్పొరేషన్ డెలివరీ పనివారి కోసం 2025లో అణ్ణానగర్‌లో ఏసీ విశ్రాంతి గది తెరిచింది. ఇంటిముందు తిణ్ణై మాయమైన నగరంలో ప్రభుత్వం కట్టిన తిణ్ణై అది. మన మున్సిపాలిటీలూ ఆ పని చేయొచ్చు. కానీ ప్రభుత్వం చేసేదాకా ఆగనక్కరలేదు కూడా. వేసవి వస్తే వీధి మూల పందిరి వేసి చలివేంద్రం పెట్టే అలవాటు మనకింకా ఉంది. దాహంతో వచ్చినవారికి నీళ్లివ్వడం తెలిసినవాళ్లకు, అలసి వచ్చినవారికి కూర్చునే చోటు ఇవ్వడం కొత్త పాఠం కాదు.

కొత్తగా ఇల్లో, అపార్ట్‌మెంటో కట్టేవారు ప్లాన్ గీయించుకునేటప్పుడు ఇంజినీరుకు ఒక్క మాట చెబితే చాలు: సొంత స్థలంలోనే ప్రహరీని రెండడుగులు వెనక్కి జరిపి, బయట ఒక బండ, దానిపైన కాస్త నీడ వేయమని. రోడ్డు ఆక్రమణ కాదు కాబట్టి ఎర్ర గీత భయమూ ఉండదు. షరతు ఒక్కటే. దాని మీద ఎవరు కూర్చోవాలో నిర్ణయించే హక్కు మాత్రం ఇంటివారు అట్టిపెట్టుకోకూడదు.