అమ్మకు ఒక ఓటు, బిడ్డకు రెండా?

కూలి బకాయిల అర్జీ ఇవ్వడానికి మా మండలం నుంచి పది పన్నెండు మందిమి ఆ మధ్య హైదరాబాదు పోయాం. నాంపల్లి స్టేషన్‌లో దిగి పబ్లిక్ గార్డెన్స్ వైపు నడుస్తుంటే శాసనసభ తెల్ల భవనం కనిపించింది. మాతో ఒక వ్యవసాయ కూలీ తల్లి, డిగ్రీ చదివిన ఆమె కూతురు ఉన్నారు. తల్లి ఆ భవనం వైపు చేయి చూపి, "గిండ్లకు ఎవల్ని పంపాల్నో మనమే ఓటేస్తం గదా?" అని అడిగింది. కూతురు నవ్వుతూ, "ఔనమ్మా. నీకు ఒక ఓటు, నాకు రెండు ఓట్లు" అంది.

తల్లి నడక ఆపింది. "నీకు రెండేంది? నాట్లేసి, కలుపు తీసి నిన్ను చదివించింది నేను. నాకొక్కటే, నీకు రెండా?"

సంఘం మనిషిని కాబట్టి అందరూ నా మొహం చూశారు. నేను చదివింది ఏడో తరగతి. ఆ రోజు ఏదో చెప్పి తప్పించుకున్నాను గానీ మనసు ఊరుకోలేదు. తర్వాత ఒక ఆదివారం మళ్ళీ హైదరాబాదు పోయినప్పుడు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పల్లో తెలుగు రాజ్యాంగం దొరికింది. కొనుక్కొచ్చి నెల రోజులు చదివాను. అర్థం కానిచోట మా ఊరి పంతులు గారిని అడిగాను. ఆ తల్లికి చెప్పాల్సిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

మన శాసన వ్యవస్థలో రెండు సభలున్నాయి. ఒకటి శాసనసభ. తెలంగాణలో 119 స్థానాలు. 18 ఏళ్ళు నిండి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషికీ ఒక్క ఓటు. (1989కి ముందు 21 ఏళ్ళు నిండాలి.) వంద ఎకరాల ఆసామికీ ఒకటే, ఆయన పొలంలో నాటు వేసే ఆడమనిషికీ ఒకటే. 119లో 19 స్థానాలు దళితులకు, 12 గిరిజనులకు రిజర్వు. సభలో 60 మంది మద్దతు ఉన్నవారిదే ప్రభుత్వం. డబ్బు, సారా, కులం ఎంత పనిచేసినా, ఓట్ల లెక్కలో మాత్రం ఇక్కడ ఎక్కువ తక్కువలు లేవు.

రెండోది శాసనమండలి. ఎగువ సభ అంటారు. తెలంగాణలో 40 మంది సభ్యులు. వీరిలో 14 మందిని ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. 14 మందిని స్థానిక సంస్థల సభ్యులు, ముగ్గురిని పట్టభద్రులు, ముగ్గురిని టీచర్లు ఎన్నుకుంటారు. మిగిలిన ఆరుగురిని గవర్నరు నామినేట్ చేస్తారు. ఒక్కొక్కరికి ఆరేళ్ళ పదవి. రెండేళ్ళకొకసారి మూడోవంతు మంది దిగిపోతారు. ఈ సభ ఎప్పుడూ రద్దు కాదు.

ఆ కూతురు చెప్పిన రెండో ఓటు ఇక్కడిది. డిగ్రీ పూర్తయి మూడేళ్ళు గడిస్తే పట్టభద్రుల నియోజకవర్గంలో ఓటరు కావచ్చు. అట్లాంటివి తెలంగాణలో మూడున్నాయి. వాటిలో ఒకటైన వరంగల్-ఖమ్మం-నల్లగొండలో 2024 ఉప ఎన్నిక నాటికి 4 లక్షల 60 వేలకు పైగా ఓటర్లున్నారు.

చదువుకున్నవాళ్ళ తెలివి సభకు అందాలని ఈ ఏర్పాటు అంటారు. బాగానే ఉంది. అయితే ఒక విచిత్రం వినండి. పట్టభద్రుల స్థానంలో ఓటు వేసేవాడికి డిగ్రీ ఉండాలి గానీ, పోటీ చేసేవాడికి అక్కర్లేదని సుప్రీంకోర్టు 1972లో తీర్పు చెప్పింది. గెలిచి కూర్చునేవాడికి అవసరం లేని చదువు, ఓటు వేసేవాడికి మాత్రం అడ్డుగోడ అయింది!

టీచర్ల సంగతి చూడండి. హైస్కూలు, ఆపై స్థాయి టీచర్లకే ఓటు. మన పిల్లలకు అ ఆలు దిద్దించే ప్రాథమిక పాఠశాల టీచరుకు ఓటు లేదు.

స్థానిక సంస్థల పేరుతో ఉన్న 14 స్థానాల కథ ఇంకా చేదు. ఎంపీటీసీలు, జెడ్పీటీసీలు, మున్సిపల్ కౌన్సిలర్లు, కార్పొరేటర్లు ఓటు వేస్తారు. ఊరికి సర్పంచిగా గెలిచిన మనిషికి ఓటు లేదు, వార్డు మెంబరుకూ లేదు. వ్యవసాయ కూలీలు ఏ పదవికైనా గెలవగలిగితే ఎక్కువగా గెలిచేది వార్డు మెంబరుగానే. సరిగ్గా ఆ మెట్టు దగ్గరే తలుపు మూశారు.

రిజర్వేషన్ సంగతి కూడా చెప్పాలి. దళితులకు, గిరిజనులకు రాజ్యాంగం ఇచ్చిన రిజర్వుడు స్థానాలు శాసనసభలోనే ఉన్నాయి, మండలిలో ఒక్కటీ లేదు. 2023లో చేసిన మహిళా రిజర్వేషన్ సవరణ కూడా లోక్‌సభకు, శాసనసభలకే గానీ మండలిని తాకలేదు. వ్యవసాయ కూలీల్లో ఎక్కువమంది దళితులు, గిరిజనులు, వెనుకబడిన కులాలవారు, ఆడవాళ్ళు. ఆ సభలో మన స్థానం ఎక్కడో లెక్క మీరే వేసుకోండి.

ఇదంతా ఆదినుంచీ ఉన్నదేనా? కాదు. 1952లో తొలి ఎన్నికలు జరిగినప్పుడు హైదరాబాదు రాష్ట్రానికి శాసనమండలి లేదు. 175 స్థానాలతో ఒకే సభ. సాయుధ పోరాటం నుంచి బయటికొచ్చిన పల్లెలు ఆ ఒక్క ఓటుతోనే ప్రజాస్వామ్య ఫ్రంట్‌కు 42 స్థానాలిచ్చాయి. ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి ఆ సభకు వచ్చింది. వాళ్ళకు ఓటు వేసినవాళ్ళలో సంతకం పెట్టడం వచ్చినవారు ఎందరు? వేలిముద్రల జనం తప్పుగా ఎంచుకున్నారని ఎవరైనా అనగలరా?

మండలి ఆంధ్రప్రదేశ్‌కు 1958లో వచ్చింది. 1985లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం దాన్ని రద్దు చేయించింది. 2007లో మళ్ళీ వచ్చింది. 2014లో రాష్ట్రం రెండయితే మండలి కూడా రెండయింది. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ రద్దుకు తీర్మానం చేసి, 2021 నవంబరులో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. అంటే పాలకులకు అడ్డమైనప్పుడు వద్దు, అవసరమైనప్పుడు ముద్దు. పశ్చిమ బెంగాల్‌లో 1969లోనే, తమిళనాడులో 1986లో మండళ్ళు పోయాయి. వాటివల్ల ఆ రాష్ట్రాలు కూలిపోలేదు. ఇవాళ దేశంలో ఆరు రాష్ట్రాల్లోనే మండలి ఉంది.

పట్టభద్రులకు అదనపు ఓటు ఇంగ్లండులోనూ ఉండేది. యూనివర్సిటీ స్థానాలని అక్కడ వేరే ఉండేవి. 1948లో చట్టం చేసి వాటిని తీసేశారు. తెల్లవాడు వదిలేసిన చొక్కాను మనం ఇంకా తొడుక్కుని తిరుగుతున్నాం.

ఒక మిత్రుడు నాతో వాదించాడు. "మండలికి అధికారం ఏముంది? ద్రవ్య బిల్లును 14 రోజులు, మామూలు బిల్లును మొత్తం మీద నాలుగు నెలలు ఆపగలదు, అంతే. దానికోసం ఇంత గొడవా?" అన్నాడు. నిజమే, చివరి మాట శాసనసభదే. కానీ మండలి సభ్యుడు మంత్రి కావచ్చు. ప్రశ్న వేసి ప్రభుత్వాన్ని నిలదీయవచ్చు. కనీస కూలి సవరణ ఎందుకు ఆగిందో అడిగే నోరు ఒకటి అక్కడ ఉంటే మనకు పనికొస్తుంది. అంతకన్నా పెద్ద మాట ఇంకోటుంది. నాగలి పట్టినవాడి తెలివి తెలివి కాదని, కాగితం ఉన్నవాడిదే తెలివని చట్టమే ఒప్పుకుంటోంది. ఏ నేలలో నీరు నిలుస్తుందో, ఏ విత్తనం మోసం చేసిందో పొలంలో ఉన్నవాళ్ళకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు?

నేను చదువుకు వ్యతిరేకిని కాను. మన పిల్లలు డిగ్రీలు చేయాలనే ఇంత కష్టం. ఆ కూతురి రెండో ఓటు లాక్కోవాలన్న కోపం కూడా నాకు లేదు. తల్లిని చిన్నబుచ్చే పద్ధతి పోవాలన్నదే నా మాట.

ఇది మార్చడం అసాధ్యం కాదు. ఐర్లండు ఎగువ సభలో 1937 రాజ్యాంగం నుంచీ వ్యవసాయానికి, శ్రామికులకు వేరే జాబితాలున్నాయి. మన రాజ్యాంగం 171వ అధికరణం రెండో క్లాజు కూడా మండలి కూర్పును పార్లమెంటు మామూలు చట్టంతో మార్చవచ్చని చెబుతోంది. రాజ్యాంగ సవరణ కూడా అక్కర్లేదు. కాబట్టి మన కోరిక రెండు ముక్కల్లో చెప్పవచ్చు. మండలి ఉండాలంటే సర్పంచులకు, వార్డు మెంబర్లకు ఓటు ఇవ్వండి. వ్యవసాయ కూలీలకూ పట్టభద్రులతో సమానంగా స్థానాలివ్వండి. అది చేతకాకపోతే, 1952లో లాగా ఒకే సభ, మనిషికి ఒకే ఓటు చాలు.

అప్పటిదాకా చేతులు ముడుచుకుని కూర్చోవద్దు. పట్టభద్రుల ఓటర్ల జాబితాను ప్రతి ఎన్నికకూ కొత్తగా రాస్తారు. పోయినసారి పేరున్నా ఈసారి ఫారం 18 మళ్ళీ నింపాలి. మన ఇళ్ళలో డిగ్రీ చేసినవారు ఎవరున్నారో సంఘం శాఖలు ఊరూరా జాబితా రాయాలి, వాళ్ళ చేత ఫారాలు పెట్టించాలి. తల్లి కూలితో వచ్చిన ఆ రెండో ఓటు తల్లి పక్షానే పడాలి.

మొన్న ఆ తల్లి ఇంటికి పోయి ఇదంతా చెప్పాను. చివరిదాకా విని, కూతురి వైపు తిరిగి అంది: "సరే బిడ్డా, నీ రెండోది నన్నడిగి ఎయ్యి."