చిన్నారుల కళ్ల ముందుకు వారి మాటలే రావాలి: వరంగల్, హనుమకొండ వాసులకు విజ్ఞప్తి

మూడు నాలుగేళ్ల పిల్లలు రాతను మొదట బొమ్మగానే చూస్తారు. బిస్కెట్ పొట్లం, సబ్బు పెట్టె, సిటీ బస్సు మీది పేర్లు చూపిస్తే టకటకా చెప్పేస్తారు. ఇంట్లో వాళ్లు దాన్ని చదవడం అనుకుని మురిసిపోతారు. అమెరికాలో 1984లో వెలువడిన ఒక పరిశోధనలో, ఇంకా చదవడం రాని పిల్లలకు పెప్సీ పేరులో మొదటి అక్షరం మార్చి చూపించారు. చాలామంది ఆ తేడాను పట్టుకోలేదు, మళ్లీ పెప్సీ అనే అన్నారు. వాళ్లు గుర్తుపట్టింది రంగునూ ఆకారాన్నీ. రాతలోని ఒక్కో గుర్తు నోటిలోని ఒక్కో చప్పుడుకు సరిపోతుందని తెలిసిన రోజునే పిల్లలకు మాట నిజంగా చదవడం వస్తుంది.

ఈ మెట్టు ఎక్కడానికి తెలుగు లిపి బాగా అనుకూలం. బతుకమ్మ అనే మాటను చప్పట్లు కొడుతూ పలికితే బ, తు, క, మ్మ అని నాలుగు చప్పట్లు పడతాయి. కాగితం మీద కూడా నాలుగే అక్షరాలు ఉంటాయి. చెవికి విడిగా వినిపించినదే కంటికి విడిగా కనిపిస్తుంది. ఇంగ్లీషుకు ఈ సౌకర్యం లేదు. అందుకే ఎల్‌కేజీ, యూకేజీల్లో కొన్ని ఇంగ్లీషు మాటలను అట్టముక్కల మీద మొత్తంగా చూపించి బట్టీ పట్టిస్తారు. అదే పద్ధతిని తెలుగుకు తెచ్చి పెడితే పిల్లలకు ఉన్న మేలు పోతుంది. తెలుగులో ముందు జరగాల్సింది చెవి పని: మాటను విరిచి పలకడం, మొదటి చప్పుడు ఒకటే ఉన్న మాటలు ఏరడం, చివరి చప్పుడు కలిసే మాటలు వెతకడం. ఈ ఆటలకు పలకా బలపం కూడా అక్కర్లేదు.

కష్టం ఉన్నది అక్షరాల సంఖ్యలో. గుణింతాలు, ఒత్తులు కలిస్తే గుర్తుల రూపాలు కొన్ని వందలు దాటతాయి. తెలుగుకు అక్కచెల్లెలి వంటి కన్నడ లిపి మీద సొనాలి నాగ్ చేసిన పరిశోధనలో, అక్షరాలన్నీ పట్టుబడడానికి పిల్లలకు ప్రాథమిక తరగతులు చాలావరకు పడుతున్నాయని తేలింది. అలాంటప్పుడు యూకేజీ ముగిసేసరికి వర్ణమాల అంతా అప్పజెప్పాలని పట్టుబట్టడం అన్యాయం. వరుసక్రమంలోనే నేర్పితే అమ్మలోని మ దగ్గరికి రావడానికి ముందు ౠ, ఙ, ఞ లాంటివన్నీ దాటుకుని రావాలి. ఆ అక్షరాలతో పిల్లల నోట పలికే మాట ఒక్కటైనా ఉండదు. దానికి బదులు ల, ప, క, త, వ, డ అనే ఆరు అక్షరాలు చాలు: తల, వల, కల, వడ, పలక, పడవ, తడక, పడక. నేర్చిన వారంలోనే మాట చదివానన్న సంతోషం పిల్లలకు దక్కుతుంది. మ, య వంటి దగ్గరి రూపాలను మాత్రం ఒకేసారి నేర్పకపోవడం మంచిది.

ఏ మాటలు చూపించాలన్నది ఇంకా పెద్ద విషయం. ఇంట్లో ఆలుగడ్డ అనే పిల్లలకు గోడ మీది పటం బంగాళాదుంప అని చెబితే, అక్షరం కూడబలుక్కున్నా మాట దొరకదు. మక్కలు, సద్ది, తంగేడు, గునుగు అనే మాటలు రాతలో కనిపించాలి. ప్రజల పలుకుబడికి జీవితమంతా పట్టం కట్టిన కాళోజీ ఈ ఊరి మనిషి. ఆయన జన్మదినమైన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకొంటున్న చోట పిల్లల గోడపటాలు కూడా ఆ పలుకుబడిలో ఉండడం న్యాయం. తండాల్లో లంబాడీ, కొన్ని వాడల్లో ఉర్దూ మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చే పిల్లలకు తెలుగు మాట ముందు నోటికి రావాలి, అక్షరం ఆ తర్వాత. వారి ఇంటి మాటకు తరగతిలో చోటివ్వకుండా తెలుగు అక్షరం ముందు కూర్చోబెడితే మిగిలేది మౌనమే.

తల్లిదండ్రులు, తాతలు, నానమ్మలు రోజుకు పది నిమిషాలు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, వేలితో చూపిస్తూ ఒక పెద్దక్షరాల పుస్తకం చదవాలి. చదవడం రాని పెద్దలు కథ చెప్పినా, మాటలను చప్పట్లతో విరిచినా అంతే మేలు. అంగన్‌వాడీ టీచర్లు ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ సొంత పేరు అట్టముక్క మీద రాసి ఇవ్వాలి, ఎందుకంటే ఎవరికైనా అన్నిటికన్నా ఇష్టమైన మాట తమ పేరే. తలుపు, బిందె, చాప అని వస్తువుల మీదే రాసి అంటించాలి, ఆ మాటలను వారం వారం మార్చాలి. దుకాణదారులు బోర్డు మీద తెలుగును అలంకారాలు లేని నిండు అక్షరాల్లో, తప్పుల్లేకుండా రాయించాలి. బడికి నడిచే దారిలో పిల్లలకు కనబడే మొదటి పాఠం అదే.

పుస్తకాల కొరత తీర్చే శక్తి ఈ ఊరికి ఉంది. నిజాం ఏలుబడిలో తెలుగుకు ఆదరణ కరువైన రోజుల్లో, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. 2022లో వరంగల్ యునెస్కో అభ్యసన నగరాల జాబితాలో చేరింది. ఆ పేరుకు తగినట్టు, పుట్టినరోజులు జరుపుకొనే కుటుంబాలు దగ్గరి అంగన్‌వాడీకి నాలుగు బొమ్మల పుస్తకాలు ఇవ్వవచ్చు. నేషనల్ బుక్ ట్రస్ట్, మంచి పుస్తకం వంటి సంస్థలు చిన్న వాక్యాల తెలుగు పుస్తకాలు అందుబాటు ధరలో వేస్తున్నాయి. ఇచ్చిన పుస్తకాలను బీరువాలో దాచకుండా పిల్లల చేతికి అందేంత ఎత్తులో పెట్టాలి. చిరిగితే చిరగనివ్వాలి.

నాలుగేళ్ల వేళ్లకు గీతల కాపీ పుస్తకం బరువే. ఇసుకలోనో బియ్యంలోనో వేలితో దిద్దడం సరిపోతుంది. మాట గుర్తుపట్టలేదని కొట్టడం, తోటివారితో పోల్చడం చదువు మీద భయాన్ని మాత్రమే పెంచుతాయి. నెలల తరబడి ఆటగా నేర్పినా అక్షరం అసలే అందని పిల్లలకు కంటిచూపు, వినికిడి పరీక్ష చేయించాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందాలు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. ఆ రోజు పిల్లలను తప్పకుండా కేంద్రానికి పంపి, గమనించిన విషయాన్ని వైద్యులకు చెప్పాలి.