పంటిపై ఆమ్లమెందుకు?

పిప్పిపన్నుకు పూరకం పెట్టించుకొనేటప్పుడు నాలుక చివర హఠాత్తుగా పులుపు తగలడం అనేకుల అనుభవం. వైద్యుడు ఒక లేపనాన్ని పంటిపై పూసి, కొన్ని సెకండ్లు ఆగి, నీటితో కడిగివేస్తాడు. అది ఫాస్ఫారిక్ ఆమ్లం. బాగుచేయవలసిన పంటిపై ఆమ్లమేమిటన్న సందేహం సహజమే.

పూర్వం వాడుకలో ఉన్న పాదరసం, వెండి కలిసిన మిశ్రమలోహానికి పంటిని అంటుకొనే గుణం లేదు. అది ఊడిరాకుండా ఉండాలంటే గుంతను పైన ఇరుకుగా, లోపల వెడల్పుగా తొలచవలసివచ్చేది. పుచ్చిన భాగంతోపాటు ఆరోగ్యవంతమైన భాగమూ కొంత బలి అయ్యేది. పోయిన పింగాణీ పొర తిరిగి పెరిగేది కాదు.

ఈ నష్టాన్ని తప్పించే మార్గాన్ని 1955లో అమెరికాలోని రోచెస్టర్ నగరంలో మైఖేల్ బ్యూనోకోర్ అనే పరిశోధకుడు చూపాడు. రంగు గట్టిగా పట్టడానికి కర్మాగారాలలో లోహపు తలాలకు ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తారని ఆయనకు తెలుసు. అదే ఉపాయాన్ని పంటిపై ప్రయోగించాడు. ఆమ్లం తగిలిన పంటిపై ప్లాస్టిక్ పదార్థం ఎన్నో రెట్లు ఎక్కువ కాలం నిలిచింది.

పింగాణీ పొర బరువులో 96 శాతం ఖనిజమే. ఆమ్లం అందులో కొంత కరిగించి, కంటికి కనిపించని గుంటలు చేస్తుంది. పలుచని జిగురు వాటిలోనికి దిగి, నీలికాంతి సోకగానే గట్టిపడుతుంది. నున్నని గోడకు గాట్లు పెట్టి సిమెంటు పూసే తాపీమేస్త్రీ పద్ధతి కూడ ఇదే కదా!

అసలు చిక్కు లోపలి పొరయైన డెంటిన్‌తో వచ్చింది. అందులో ఖనిజం 70 శాతమే. తక్కినది కొల్లాజెన్ పోగులు, నీరు. సన్నని నాళికల గుండా తేమ నిరంతరం ఊరుతూనే ఉంటుంది. ఆమ్లం ఖనిజాన్ని తొలగించగానే పోగులు బయటపడతాయి. గాలితో అతిగా ఆరబెడితే, నీటిలో విప్పారిన నాచు గట్టుపై ముద్దకట్టినట్లు, అవి అణగిపోతాయి, జిగురు చొరబడదు. తడి మరీ ఎక్కువైనా జిగురు చెడుతుంది. పోగులలోనికి జిగురు ఇంకి ఏర్పడే మిశ్రమ పొరను 1982లో జపాన్ శాస్త్రజ్ఞుడు నకబయాషి వివరించాడు. మందం కొద్ది మైక్రానులే అయినా పూరకం భారమంతా దానిదే. పంటిలోని కాల్షియంతో రసాయనికంగా పెనవేసుకొనే జిగురులు కూడ తరువాత వచ్చాయి.

అయినా ఈ బంధం శాశ్వతం కాదు. జిగురు అందని పోగులను పంటిలోని ఎంజైములే ఏళ్ళ తరబడి కొరికివేస్తాయి. గట్టిపడేటప్పుడు పూరకం స్వల్పంగా కుంచించుకొని, అంచున సందు ఏర్పడడమూ కద్దు. ఆ సందులోనే పిప్పి మళ్ళీ మొదలవుతుంది.

అన్నిటికంటె పెద్ద శత్రువు లాలాజలం. సిద్ధమైన తలంపై ఒక్క చుక్క పడినా గుంటలు పూడిపోతాయి. పంటి చుట్టూ దూది, రబ్బరు పొర అమర్చేది అందుకే. మధ్యలో మాట్లాడబోయి నోరు మూసిన రోగికి ఆ పులుపు మరొకసారి తప్పదు.