ఒకరి పొగ, ఇంకొకరి ముప్పు

మొన్నటి సంఘ సమావేశానంతరము, చుట్టను చెవిపై నుంచుకొనిన యొక పెద్దరైతుగారు మమ్ము నిలిపి యిట్లడిగిరి: "క్రొత్త విత్తనము తెచ్చినపుడెల్ల, ప్రక్కమడిలో పాతవిత్తనము వేసి చూపనిదే నమ్మవద్దని మీరే చెప్పుదురు గదా! ఒకరి పొగ మరియొకరికి రాచపుండు తెచ్చునని డాక్టర్లు చెప్పుటకు ప్రక్కమడి యేదండీ?"

ప్రశ్న న్యాయమైనది. ప్రక్కమడి లేదు, ఉండజాలదు. మేము చీట్లు వేసి ఏ మడికి ఏ యెరువో నిర్ణయింతుము; మంచినేల యంతయు నొకే యెరువు క్రింద పడకుండుట కదియే యుపాయము. ఇంగ్లండులోని రొథాంస్టెడ్ క్షేత్రమున ఫిషరు పండితుడు నెలకొల్పిన యీ పద్ధతిని వైద్యులును తరువాత గైకొనిరి. కాని యే యిల్లాలిని చుట్టగాల్చువాని యింట నుండుమని చీటివేసి నిర్ణయింతుము? ఉన్నవారిని ఉన్నట్లే చూచి లెక్కించుట తప్ప గత్యంతరము లేదు.

పొగత్రాగనివారికి ఊపిరితిత్తుల రాచపుండు అరుదు. ఒక్కొక్క పరిశీలనలో రోగులు కొలదిమందియే దొరకుదురు. అందుచే ఒకచోట హాని గలదనియు, వేరొకచోట లేదనియు తేలుచుండెను. 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నలునందు హాక్‌షా, లా, వాల్డ్ అను మువ్వురు అట్టి 37 పరిశీలనలను జోడించి చూపిరి. తాము త్రాగకయే, త్రాగువారితో కాపురము చేయువారికి ఆ వ్యాధి నూటికి 24 వంతులు హెచ్చుగ నుండెను. నూర్గురిలో 24 మందికి వచ్చునని దీని యర్థము కాదు. 100 మందికి రావలసినచోట 124 మందికి వచ్చునని యర్థము. జనులను బెదరించుటకై యీ భేదమును మరుగుపరచు ప్రచారకులు మాకు గిట్టరు.

లెక్కలను జోడించినంతనే నిజము తేలునా? తేలదు. పది కాటాలును ఒకే వైపునకు ఒరిగియున్నచో పదిమార్లు తూచియు ఫలమేమి? కూరగాయలు హెచ్చుగ తినువారికి ఈ వ్యాధి తక్కువయని పెక్కు పరిశీలనలు చెప్పెను. వానిలోని బీటా కెరోటీను కారణమేమో యని, ఫిన్లండులో పొగత్రాగు పురుషులను 29,133 మందిని చేర్చి, చీట్లపద్ధతిని మాత్రలిచ్చి చూచిరి. 1994లో ఫలితము వెలువడెను: ఆ మాత్ర మ్రింగినవారికి వ్యాధి నూటికి 18 వంతులు హెచ్చెను! కూరలు తినువారు ఇతర విషయములందును వేరుగ నుందురు. ఆ వేరుదనమును మాత్రలో నింప వీలుగాదు.

మరి పొగలెక్కను మేమేల నమ్ముచున్నాము? భర్త కాల్చు సిగరెట్లు హెచ్చినకొలది, కాపురపు టేండ్లు హెచ్చినకొలది భార్యకు ముప్పు హెచ్చెను. ఆహారభేదమును, త్రాగియు త్రాగలేదని చెప్పువారిని లెక్కలోనికి తీసికొన్నను ముప్పు మిగిలెను. పైగా, పొగాకునకే చెందిన విషద్రవ్యములు త్రాగనివారి మూత్రమున సైతము కనబడినవి. అవి సిగరెట్టు లెక్కలే, నిజము; మన చుట్టకు సరిగా అదే యంకె వర్తించునని మేమనము. ఆకు మాత్రమదియే.

పొగాకు పండించు సభ్యులు మాపై కినియవచ్చును. పంట సంగతి మేమిక్కడ ఎత్తలేదు. బహిరంగ స్థలములలో పొగత్రాగుట 2008 నుండి నిషిద్ధము, ఇంటి గడప లోపలికి ఆ నిబంధన రాదు. పసిబిడ్డలు పండుకొను గదిలో చుట్ట వెలిగింపవలదని మా మనవి. మానలేనివారు పెరటి చింతచెట్టు క్రిందికి పోవుదురు గాక.