పన్ను ఊడినాక బెల్టు కడతారా?

మోకలోను, చుట్టుపక్కల పల్లెల్లోను పిల్లలను కరాటేకు, కిక్‌బాక్సింగుకు, బాక్సింగుకు పంపుతున్న అమ్మలకు, అయ్యలకు,

పోయిన ఆదివారానికి ముందు ఆదివారం మా అక్క కొడుకు బెల్టు పరీక్షకు పోయినాడు. పన్నెండేళ్లవాడు. ఎదురుగా నిలబెట్టిన పిల్లగాడు వీనికంటే జానెడు ఎత్తు. కింద సిమెంటు గచ్చు, దాని మీద పెళ్లిళ్లలో పరిచే పలుచని జంపఖానా. ఇద్దరి నోళ్లలోనూ ఏమీ లేదు. చేతులకున్న గ్లవ్సు అంతకు ముందే ఇంకొక జంట విప్పి ఇచ్చినవి, చెమటతో తడిసి ఉన్నవి. ఒక్క గుద్దు. పైవరసలో ముందుపన్ను వేరుతో సహా ఊడి జంపఖానా మీద పడింది.

ఆ తర్వాత జరిగిందే నాకు నిద్ర పట్టనియ్యడం లేదు. మాస్టరు ఆ పన్ను తీసి, కర్చీఫుతో రుద్ది తుడిచి, కాగితంలో పొట్లం కట్టి పిల్లగాని జేబులో పెట్టినాడు. "ఏం కాదులేప్పా, మళ్లీ వస్తాది" అన్నాడు. పన్నెండేళ్లకు ఊడిన ముందుపన్ను మళ్లీ రాదు. బళ్లారి చేరేసరికి రెండు గంటలు దాటింది. వేరును ముట్టకుండా తెల్లటి భాగం పట్టుకొని, పాలల్లో వేసి, అరగంటలోనో గంటలోనో తెచ్చి ఉంటే మళ్లీ ఆ గూట్లోనే నిలబెట్టి చూసేవాళ్లమని పళ్ల డాక్టరు చెప్పినాడు. వీధివీధికీ బర్రెలున్న ఊర్లో గ్లాసెడు పాలు కరువై పోలేదు ఆ పన్ను. తెలిసినవాడు ఒక్కడూ అక్కడ లేక పోయింది. సాయంత్రం మాత్రం వాని నడుముకు కొత్త బెల్టు కట్టి ఇంటికి పంపినారు.

ఆ క్లాసు పేరు, ఆ మాస్టరు పేరు ఇక్కడ రాయను. ఒకరి మీద పగతో వేసిన కాగితం కాదు ఇది. మీ పిల్లలు పోయే చోటికి ఒక సాయంత్రం పోయి నిలబడి చూడండి. ఆ జంపఖానా, ఆ తడి గ్లవ్సు అక్కడా కనబడతాయి.

ముందు డబ్బుల మాట మాట్లాడదాం. చేరేటప్పుడు అడ్మిషను. నెల నెలా ఫీజు. తెల్ల డ్రెస్సుకు వేరే. మూడు నాలుగు నెలలకు ఒక బెల్టు పరీక్ష, దానికి ఫీజు. బెల్టుకు ఇంత, సర్టిఫికెట్టుకు ఇంత. టోర్నమెంటుకు ఎంట్రీ, బస్సు ఖర్చు, మెడల్ వచ్చిన పిల్లలకు ఫోటో ఖర్చు. మా అక్క పత్తి ఏరే కూలి డబ్బుల్లోంచి రెండేళ్లు ఇవన్నీ కట్టింది. నేను కూర్చొని లెక్క వేస్తే కాగితాలకు, గుడ్డపీలికలకు కట్టిన డబ్బే వేలల్లో తేలింది. ఆ రెండేళ్లలో ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, "అమ్మా, పిల్లగానికి గమ్‌షీల్డు తీసుకో" అని ఎవరూ చెప్పలేదు. పళ్లను కాపాడే ఆ తొడుగు ధర రెండు మూడొందలు. ఒక బెల్టు పరీక్షకు కట్టిన దాంట్లో సగం కూడా కాదు.

నా కడుపుమంట ఇదే. పసుపు, నారింజ, పచ్చ, నీలం అని రంగులు మార్చి డబ్బు తీసుకునేవాళ్లకు తెల్లటి పన్ను విలువ తెలియదా? బెల్టు ఒంటిని కాపాడదు. సర్టిఫికెట్టు గోడకు అందం. పిల్లలను దెబ్బ నుంచి కాపాడేవి మాత్రం లిస్టులో ఉండవు, ఉన్నా "తర్వాత చూద్దాం" అంటారు. ఆ తర్వాత ఎప్పుడు? మెట్రిక్ పాసైనాకా?

కాబట్టి ఏం కొనాలో, ఎట్ల కొనాలో నేనే రాస్తున్నాను. నేనూ పదిహేనేళ్ల కిందట బళ్లారిలో బాక్సింగు నేర్చుకున్నవాణ్ని. నా ఎడమచేతి బొటనవేలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. అప్పుడు చేతులకు పట్టీ కట్టుకోవాలని నాకూ ఎవరూ చెప్పలేదు.

అన్నిటికన్నా ముందు గమ్‌షీల్డు. వేడినీళ్లలో మెత్తబెట్టి, నోట్లో పెట్టి కొరికి, పళ్లకు అచ్చు తీసుకునే రకం చాలు. నోరు తెరిచినా పైపళ్లకు అంటుకొనే ఉండాలి. నాలుకతో తోస్తే జారిపడేది పనికిరాదు. పాలపళ్లు పోయి కొత్తవి వస్తున్న వయసులో అచ్చు తొందరగా తప్పిపోతుంది, మళ్లీ చేయించాలి. కొరికి కొరికి చిల్లులు పడినదాన్ని పారేయండి. అన్నదమ్ములైనా ఒకరిది ఇంకొకరు పెట్టుకోకూడదు.

దాని తర్వాత చేతి పట్టీలు. నాలుగు, నాలుగున్నర మీటర్ల పొడవున్న నూలు పట్టీ మణికట్టుకు, వేళ్ల కణుపులకు చుట్టుకోవాలి. గ్లవ్సు ఎదుటివాని ముఖాన్ని కాస్తే, పట్టీ మన చేతి ఎముకలను కాస్తుంది. జీన్సు కుట్టే బళ్లారిలో ఈ పట్టీలు కుట్టించుకోవడం పెద్ద పని కాదు. ఒక టైలరుకు కొలత ఇస్తే ఊరి పిల్లలందరికీ ఒక పూటలో అయిపోతాయి.

గ్లవ్సు దగ్గరే అంగడివాళ్లు మోసం చేస్తారు. వీటి బరువును ఔన్సుల్లో చెబుతారు. ఔన్సంటే సుమారు 28 గ్రాములు. ఎదురెదురు ఆటకు పెద్దవాళ్లకు 14 నుంచి 16 ఔన్సులు కావాలి. పది పన్నెండేళ్ల పిల్లలకు చెయ్యి పట్టేటట్టు 8 నుంచి 10. బస్తాను గుద్దడానికి చేసిన పలుచని గ్లవ్సుతో మనిషిని గుద్దనియ్యకండి. కొనేటప్పుడు కణుపులుండే చోట బొటనవేలితో గట్టిగా నొక్కండి. లోపల మీ కణుపు వేలికి తగిలితే ఎదుటివాని ముక్కుకూ తగులుతుంది. పైన ఎంత పెద్ద బ్రాండు పేరు అచ్చు వేసినా లోపల పీలికలు కుక్కినవి ఉంటాయి; వేలు ఒప్పుకున్నదే కొనండి. ఆడినాక ఎండకు, గాలికి ఆరబెట్టాలి. పదిమంది మార్చి మార్చి తొడిగిన తడి గ్లవ్సు నుంచి తామర అంటుకొని మా వీధిలోనే ఇద్దరు పిల్లలు నెలలకొద్దీ గోక్కున్నారు.

కాళ్లతో తన్నే ఆటైతే ముంగాలు (షిన్) గార్డులు కావాలి. మగపిల్లలకు గజ్జల గార్డు, ఆడపిల్లలకు ఛాతీ గార్డు. ఈ రెండూ సిగ్గుపడి దాటవేసే మాటలు కావు, అమ్మలే అడిగి కొనియ్యాలి. తలకు గార్డు కూడా కావాలి, అయితే ఒక సంగతి నిజాయితీగా చెప్పాలి. అది చర్మం చీలకుండా, చెవి నలగకుండా కాపాడుతుంది. లోపల మెదడు కదలడాన్ని ఆపలేదు. తలగార్డు ఉంది కదా అని గట్టిగా కొట్టించే మాస్టరు, లేకుండా మెల్లగా ఆడించే మాస్టరుకంటే ప్రమాదం.

"మన తాతలు ఏం కట్టుకొని కుస్తీ పట్టినారు?" అని రచ్చకట్ట మీద అడిగేవాళ్లున్నారు. తాతలు ఏం చేసినారో వాళ్లకే తెలియదు. గరిడీలో లంగోటా బిగించనిదే పిల్లగాణ్ని మట్టిలోకి దిగనిచ్చేవాళ్లు కాదు. పొద్దున్నే లేచి ఆ మట్టిని తవ్వి, గుల్ల చేసి, రాయి రప్ప ఏరి, నూనె, మజ్జిగ, పసుపు కలిపి మెత్తబరిచేవాళ్లు. ఆ మెత్తటి మట్టే వాళ్ల మ్యాటు. ఆ మట్టి తవ్వడమే శిష్యునికి మొదటి పాఠం. ఈనాడు గరిడీ మూతబడింది, సిమెంటు గచ్చు వచ్చింది, తాతల పేరు మాత్రం మిగిలింది. తాతల మీద గౌరవం ఉంటే ముందు కింద మ్యాటు వేయండి.

మనది విజయనగరం సీమ అని రొమ్ము విరుచుకునేవాళ్లకు ఇంకొక మాట. సుమారు 1520లో హంపికి వచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పయస్, మహానవమి పండగలో చూసిన మల్లయుద్ధాలను రాసి పెట్టినాడు. గుద్దులకు పళ్లు రాలడం, కళ్లు పోవడం, మొహాలు చితికిపోవడం, మాట పడిపోయినవాళ్లను స్నేహితులు మోసుకొని పోవడం, అన్నీ అందులో ఉన్నాయి. వాళ్లు రాజుగారి కొలువులో జీతం తిన్న జెట్టీలు, ఒళ్లు పండిన మొగవాళ్లు. ఆరో తరగతి పిల్లగానికి ఆ గతి పట్టించడమా మన ఘనత?

గ్లవ్సు చరిత్ర కూడా తెలుసుకోండి. ఇంగ్లండులో 1743లో బాక్సింగుకు మొదటిసారి నియమాలు రాసిన జాక్ బ్రౌటన్, తన బడికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్ల దవడలు, ముక్కులు చెడకూడదని మెత్తటి గ్లవ్సు పెట్టినాడు. బరిలో పందెం కొట్టేవాళ్లు మాత్రం ఒట్టి పిడికిళ్లతోనే కొట్టుకున్నారు. 1867 నాటి క్వీన్స్‌బెరీ నియమాల తర్వాతే పోటీలకు గ్లవ్సు వచ్చినాయి. ముందు నేర్చుకునేవాళ్లకు, ఆ తర్వాతే మొనగాళ్లకు. మన దగ్గర తలకిందులు చేసినారు. పోటీకి పోయే ఇద్దరికి మంచి గ్లవ్సు దాచిపెట్టి, కొత్తగా చేరిన ఇరవైమందికి చిరిగినవి ఇస్తున్నారు. కొత్తవానికి తప్పుకోవడం రాదు, మోతాదు తెలియదు, భయంతో కళ్లు మూసుకొని కొడతాడు. మెత్తదనం ఎక్కువ కావలసింది వానికే.

ఇక ఆగస్టు 15న, కన్నడ రాజ్యోత్సవం రోజున స్కూలు మైదానాల్లో జరిగే ప్రదర్శనల సంగతి. పిల్లల తల మీద పెంకులు పగలగొట్టడం, వీపు మీద ట్యూబులైట్లు పగలగొట్టడం, పొట్ట మీదుగా మోటారు సైకిలు పోనివ్వడం. ముందు వరసలో పెద్దమనుషులు కూర్చొని చప్పట్లు కొడతారు. దీనికి ఏ ఆటలోనూ పాయింటు లేదు, ఏ నియమాల పుస్తకంలోనూ చోటు లేదు. ఇది ఆట కాదు, పిల్లల ఒంటితో చేసే వ్యాపార ప్రకటన. ఈసారి మన ఊరి మైదానంలో ఎవరైనా ఒక పిల్లగాని తల మీద పెంకు ఎత్తితే, నేను ముందుకు వచ్చి ఆ చెయ్యి పట్టుకుంటాను. నాతో నిలబడేవాళ్లు నిలబడండి.

2022 జూలైలో బెంగళూరులో రాష్ట్రస్థాయి కిక్‌బాక్సింగు పోటీ జరిగింది. మైసూరు నుంచి పోయిన 23 ఏళ్ల పిల్లగాడు దెబ్బకు కూలి, మళ్లీ లేవలేదు. కొన్ని రోజుల్లోనే ప్రాణం పోయింది. అక్కడ డాక్టరు లేడని, ఆంబులెన్సు లేదని కన్నతండ్రి ఫిర్యాదు చేసినాడు, పోలీసులు నిర్లక్ష్యం కేసు పెట్టినారు. బెంగళూరు నడిబొడ్డున జరిగిందది. మోకలో ఒక పిల్లగాడు అట్ల కూలితే 108 వచ్చి, ఇరవై కిలోమీటర్లు తీసుకొనిపోయి, బళ్లారి సర్కారు ఆసుపత్రి మెట్లెక్కించే లోపల ఏమవుతుందో ఆలోచించండి. నేను ఆలోచించే ఇది రాస్తున్నాను.

"ఒలింపిక్స్‌లోనే తలగార్డు తీసేసినారు కదా" అని ఒకాయన నాతో వాదించినాడు. 2013లో తీసింది పెద్దల విభాగంలోని మగ బాక్సర్లకు. చిన్నపిల్లలకు తీయలేదు. ఆ పెద్దవాళ్లు కూడా గమ్‌షీల్డు లేకుండా రింగెక్కితే రెఫరీ ఆట మొదలుపెట్టడు. కరాటే అంతర్జాతీయ పోటీల్లో 14 ఏళ్లలోపు పిల్లలకు మొహానికి మాస్కు కూడా ఉంది. "అన్నీ కట్టుకుంటే పిల్లలు పిరికివాళ్లవుతారు" అనే మాటకు నేను జవాబు చెప్పను. బీదవాళ్లు ఎక్కడ తెస్తారన్నది మాత్రం నిజమైన ప్రశ్న, దానికి దారి ఉంది.

మన జిల్లాలోనే తోరణగల్లు దగ్గర విజయనగర్‌లో 2018 నుంచి ఇన్‌స్పైర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ నడుస్తోంది. బాక్సింగు, కుస్తీ, జూడో నేర్పుతారు. అక్కడికి దేశమంతటి నుంచి పిల్లలు వస్తారు. మన పిల్లలు దాని ఫోటోలు ఫోనులో చూసి మురిసిపోతారు. మన పల్లె పిల్లలకు సామాన్లు కొనే డబ్బుకు కూడా ఇక్కడే దారి ఉంది. ఇనుప గనుల జిల్లా మనది. 2015 గనుల చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధికి ముందు వరసలో పెట్టిన పద్దుల్లో విద్య, ఆరోగ్యం, పిల్లల సంక్షేమం ఉన్నాయి. గ్రామ పంచాయితీ, స్కూలు అభివృద్ధి కమిటీ (ఎస్డీఎంసీ) కలిసి ఒక తీర్మానం రాసి జిల్లాధికారికి పంపాలి: పది జతల గ్లవ్సు, పది తలగార్డులు, పది జతల ముంగాలు గార్డులు, నాలుగు వరసల మ్యాట్లు. ఇవి స్కూలు పెట్టెలో ఉండాలి, ఎవరికి కావాలంటే వాళ్లు సంతకం పెట్టి తీసుకోవాలి. గమ్‌షీల్డు, గజ్జల గార్డు మాత్రం ఎవరిది వాళ్లే కొనుక్కోవాలి. కొనలేని పిల్లలకు మనమే చందా వేద్దాం, నా పేరు మీద మొదటి ఐదుగురికి రాసుకోండి. స్కూళ్లలో, హాస్టళ్లలో ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పించే సర్కారు కార్యక్రమాలకు వచ్చే మాస్టర్లకు కూడా ఈ షరతే.

డబ్బులు రావడానికి నెలలు పట్టవచ్చు. అంతవరకు మన చేతిలో ఉన్నది ఒకటుంది. రేపటి నుంచే మన పిల్లలను ఎదురెదురు ఆటకు నిలబెట్టనియ్యం. ఎగరనీ, పరిగెత్తనీ, గాలిలో గుద్దులు, తన్నులు నేర్చుకోనీ, బస్తాను కొట్టనీ. నోట్లో గమ్‌షీల్డు, చేతికి పట్టీ, కొలతకు సరిపడే గ్లవ్సు, కింద మ్యాటు ఉన్న రోజే ఎదుటి పిల్లగాని ముందు నిలబడాలి. వయసు, బరువు చూసి జంట కట్టాలి. తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, వాంతి వచ్చినా, మాట తడబడినా ఆ రోజు ఆట అయిపోయినట్టే. డాక్టరు సరే అనేవరకు మళ్లీ దిగకూడదు. మొదటి దెబ్బ మానకముందే పడే రెండో దెబ్బకు ప్రాణాలు పోవచ్చు. దీనికి ఒప్పుకోని క్లాసుకు వచ్చే నెల ఫీజు కట్టకండి. ఇరవైమంది తల్లులు ఒక్క నెల ఫీజు ఆపితే గమ్‌షీల్డు డబ్బా దానంతట అదే వస్తుంది.

వచ్చే ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు గ్రామ పంచాయితీ ఆఫీసు ముందర కలుద్దాం. మీ పిల్లలు వాడుతున్న గ్లవ్సు, గార్డులు ఏవున్నా సంచిలో వేసుకొని తీసుకొని రండి, అందరి ముందర వేలితో నొక్కి చూద్దాం. మాస్టర్లను కూడా పిలిచినాను. పెద్ద పాత్ర నిండా వేడినీళ్లు మా ఇంటి నుంచి తెస్తాను. గమ్‌షీల్డు కొన్నవాళ్లు తెస్తే అక్కడికక్కడే అచ్చు తీసి ఇస్తాను. మా అక్క కొడుకు కూడా వస్తాడు. నోరు తెరిచి చూపిస్తానని వాడే అన్నాడు.

ఇట్లు,
మీ ఊరివాడు, ఒక పిల్లగాని మేనమామ
మోక, బళ్లారి తాలూకా