ద్వీపాంతర విహారం

సెలవులకు అండమాను వెళదామన్నాను. రెడ్డిగూడెంలో మా అత్తయ్య విని, "ఏం నేరం చేశావురా అబ్బాయ్?" అన్నది. పాతకాలంవారికి ద్వీపాంతరమంటే శిక్షే మరి!

మా బోటి మేష్టర్లకు పెద్ద సెలవులు వేసవిలోనే. కాని మే నెలలోనే అక్కడ వానలు దిగుతాయి. అందుచేత సంక్రాంతికే ఖాయం చేశాం. విశాఖ నుంచి ఓడలో రెండు మూడు రోజుల ప్రయాణం. ఓడ రోజూ ఉండదు గనుక, దాని తేదీ చూసుకున్నాకే సెలవు చీటీ రాయాలి.

పిల్లలు అన్ని రోజులూ సముద్రపుటొడ్డుకే పంచేశారు. 2018లో స్వరాజ్ ద్వీపమని పేరు మారిన హేవ్‌లాక్ దీవికే రెండు రోజులట! ఒక్క పూట మాత్రం నేను సెల్యులార్ జైలుకు అడిగి పుచ్చుకున్నాను. 1906లో పూర్తయిన ఆ జైల్లో సుమారు 700 ఒంటరి గదులు. ఆనాడు ఓడ ఎక్కినవారికి తిరిగి వస్తామన్న నమ్మకం లేదు. మనం తిరుగు టిక్కెట్టు ముందే కొనుక్కుని వెళుతున్నాం. ఆ తేడా పిల్లలకు తెలియడానికి ఒక్క పూట ఎక్కువా?